ఏటి దారిలో కరిమబ్బు

పోయిన వారం త్రివేణిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, వేలు మౌస్ మీద ఉండగా వదిలేసి వచ్చాం. పాపం ఆ పిల్ల వారంపాటు ఊపిరి బిగబట్టి అట్లాగే కూర్చుంది. ఇంక ఆలస్యం చేస్తే పాపం తగులుతుంది. కానీ ఈ వారమే కొత్తగా పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళకోసం రెండు ముక్కలు చెప్పి అసలు కథలోకి పోదాం. తెలిసినవాళ్ళు కాస్త ఓర్చుకోండి.

ధర్మవరంలో రామదాసు ఇంటి ముందుగదిలో రెండు పట్టుమగ్గాలున్నాయి. ఒకదాని మీద రామదాసు నేస్తాడు. రెండోది కొడుకు ఓబిలేష్‌ది. అది ఆగిపోయి రెండేళ్ళు దాటింది. దాని మీద సగం నేసిన చీర ఒకటి, పైన పాత పంచె కప్పి, ఉన్నది ఉన్నట్టే ఉంది. ఓబిలేష్ ఈ కంప్యూటర్‌లోనే గీసుకున్న రుద్రాక్ష అంచు ఒకటి ఎట్లాగో మరమగ్గాలవాళ్ళ చేతిలో పడింది. ‘నా కొడుకే అమ్ముకున్నాడు’ అని రామదాసు అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడా? నలుగురి ముందూ చెంప పగలగొట్టి, నా గడప తొక్కొద్దు పొమ్మన్నాడు. మొండితనంలో కొడుకు తండ్రికి ఏమాత్రం తీసిపోడు. తొక్కలేదు. ఎక్కడున్నాడో కూడా ఎవరికీ తెలియదు.

రేపు సోమవారం. మడకశిర నుంచి మారెప్ప అనే ఆయన వచ్చి ఓబిలేష్ మగ్గం కొని, విప్పి తీసుకుపోతాడు. మాట అయిపోయింది. ఆలోపల ఆ చీర కోసేస్తానని రామదాసు పొద్దున్నే కత్తెరకు సాన పట్టించి తెచ్చి కిటికీలో పెట్టాడు. సగం నేసిన చీరను మగ్గం మీదినుంచి కోయడమంటే ఆ ఇంట్లో తాతల నాటినుంచీ ఒక్కటే అర్థం. నేసే మనిషి ఇంక లేడని. బతికున్న మనిషి చీర ఎన్నడూ కోయలేదు వాళ్ళు. అందుకే తల్లి అంజనమ్మ నిన్నటినుంచి అన్నం తినడం లేదు, ఇవాళ ఆ కత్తెర వైపు చూడనూ లేదు.

‘ఆటలో ఓడిపోతే మళ్ళీ ఆడుకోవచ్చు కదండీ, ఇంత కంగారు దేనికి?’ అని గుంతకల్లు నుంచి ఒక పాఠకురాలు రాశారు. దీనికేనమ్మా. ట్యాంకుల ఆటలో ఓబిలేష్ చెల్లెలు త్రివేణికి ‘కరిమబ్బు’ అనే పేరుతో ఒక ఆటగాడు తగిలాడు. వాడి ట్యాంకు ఒంటినిండా రుద్రాక్ష అంచు గీసి ఉంది. “నువ్వు మా అన్నవేనా?” అని ఈ పిల్ల రాస్తే జవాబు లేదు. “నేను గెలిస్తే ఇంటికి వస్తావా?” అని రాస్తే మాత్రం, “ముందు గెలువు” అని వచ్చింది. ఆ రెండు మాటలు పట్టుకుని వేలాడుతోంది ఆ పిల్ల. వాడు అన్నో కాదో ఇప్పటికీ తెలియదు. రుద్రాక్ష అంచు చూసి నమ్మేద్దామా అంటే, మరమగ్గాల పుణ్యమా అని అది ఇప్పుడు తువ్వాళ్ళ మీద కూడా వస్తోంది. పైగా ఆడే తీరు అన్నది కాదు. ఓబిలేష్ తొందరమనిషి, కనిపించగానే కాల్చేసే రకం. ఈ కరిమబ్బు గంటలకొద్దీ పొంచి ఉండగలడు.

సరే, ఆదివారం మధ్యాహ్నం. ఆట మొదలైంది.

ఇది పిల్లలు టపాకాయల్లాగా టపటపా పేల్చి పారేసే ఆట కాదు. నిజం ట్యాంకు ఎట్లా నడుస్తుందో ఇదీ అట్లాగే నడుస్తుంది. బురదలో జారుతుంది, ఎత్తు ఎక్కితే రొప్పుతుంది. శత్రువు ఎక్కడున్నాడో మ్యాపు చెప్పదు. ఇనుప గోడ సందులోంచి నీ కంటికి ఏది కనిపిస్తే అదే. సరైన చోట ఒక్క గుండు తగిలిందా, ఇంక అంతే. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. ఏటి అవతల గుట్ట మీద పాత గాలిమర ఒకటి ఉంది. దాన్ని పట్టినవాడు గెలిచినట్టు. ఎవరూ పట్టకపోతే, ఎదుటివాళ్ళను ఆఖరుదాకా పడగొట్టినవాడు గెలిచినట్టు.

త్రివేణి వైపు మిగతా ఇద్దరూ ఎవరిళ్ళలో వాళ్ళున్నారు. రాప్తాడు దగ్గర వేరుశనగ రైతు ఎర్రన్న కొడుకు విష్ణువర్ధన్ ఒకడు. నోరు ఊరుకోదు. కొత్తచెరువులో బ్లౌజులు కుట్టే హేమ ఒకతి. ఆ పిల్ల సూదిలో దారం ఎక్కించినంత నిదానంగా గురి చూస్తుంది.

తెర మీద వాన పడుతోంది. సన్నగా, ఎడతెరిపి లేకుండా, బూడిదరంగు ఆకాశంలోంచి. బయట ధర్మవరం వీధిలో ఆషాఢం గాలి దుమ్మెత్తిపోస్తోంది. మబ్బులు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుతున్నాయి, ఒక్క చుక్క రాల్చే ఉద్దేశం దేనికీ ఉన్నట్టు లేదు.

“ఎవురన్నా కనపడతాండారా?” అంది త్రివేణి.

“నాకు ఆవులు కనపడతాండాయక్కా,” అన్నాడు విష్ణు. “యాడ చూసినా పచ్చగడ్డే. మా నాయన చూసినాడంటే ఈ ట్యాంకు అమ్మేసి ఈడ్నే నాలుగెనుములు కొనుక్కోని ఉండిపోతాడు.”

“గమ్మునుండప్పా. వంతెన చూడు.”

“వంతెన కాడ ఒగడుండాడక్కా,” హేమ గొంతు. “గోడ యెనక. గొట్టం కొన కనపడి మళ్ల లోపలికి పోయినాది.”

త్రివేణి అరచేతులు తడిసిపోయాయి. చున్నీకి తుడుచుకుంది. వెనక మూలన అంజనమ్మ రాట్నం తిప్పుతూ కండెలకు పట్టు చుడుతోంది. ఆ రాట్నం చప్పుడు మామూలుగా చెవిన పడదు, ఇవాళ మాత్రం ప్రతి చుట్టూ వినిపిస్తోంది. అంజనమ్మకు ఆట తెలియదు, తెర వైపు తిరిగి చూడదు. కానీ కూతురు ఎవరికోసం ఆడుతోందో ఆవిడకు తెలుసు.

వంతెన మీద పోతే చావే. అడవి చుట్టూ పోయే దారి ఉంది, కానీ అది తిరిగి వచ్చేసరికి వాళ్ళు గాలిమర పట్టేసి కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. ఏం చెయ్యాలా అని త్రివేణి దుర్భిణిలోంచి అటూ ఇటూ చూసింది. అప్పుడు కన్ను ఏటి మీద ఆగింది.

వెడల్పైన ఏరు. మధ్యలో ఇసుకదిబ్బలు తేలి ఉన్నాయి. వాటి పక్కగా ఎర్రటి నీళ్ళు రెండు పాయలుగా పారుతున్నాయి. ఆ ఏరు వంతెన కిందినుంచి వంపు తిరిగి నేరుగా గాలిమర గుట్ట కిందికే పోతోంది.

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పాలి. వేరే జిల్లా పిల్ల అయితే ఏరు కనబడగానే ఆగిపోయేది. ఏరంటే నీళ్ళు, నీళ్ళంటే లోతు, లోతంటే భయం. మన అనంతపురం వైపు మనిషికి ఏరంటే అదేం కాదు. ఏరంటే దారి. ట్రాక్టర్లు పోతాయి, గొర్రెలమందలు పోతాయి, పెళ్ళివాళ్ళ జీపులు పోతాయి. ఎండాకాలంలో నీళ్ళకోసం ఇసుకలో చెలమలు తవ్వుతారు. ఎప్పుడైనా ఒకసారి నీళ్ళు వచ్చాయా, ఊరంతా గట్టు మీదికి చేరి కొబ్బరికాయలు కొట్టి, ఫోటోలు దిగి వస్తారు. త్రివేణి చిన్నప్పుడు మేనత్త ఊరికి పోవాలంటే ఓబిలేష్ చెయ్యి పట్టుకుని చిత్రావతి ఇసుకలోకే దించేవాడు. “రోడ్డు మీద ఎవురు పోతార్మే, ఏట్లో పడి పోదాం రా,” అనేవాడు. ఇసుకకు కాళ్ళు కాలిపోయేవి. పిల్ల ఏడిస్తే భుజాన ఎక్కించుకునేవాడు.

“విష్ణూ, ఏట్లో పడి పోదాం,” అంది త్రివేణి.

“నేనూ అదే అనుకుంటాండా!”

“అక్కా, వాన పడతాండాది,” అంది హేమ. “నీళ్ళు ఎక్కువైతే?”

“ఈ తుంపరకు ఎన్ని నీళ్ళొస్తాయి హేమా? ఇసుక తేలి ఉండాది, కండ్లకు కనపడతాండాది కదా. మోకాటి దాకా ఉంటే గొప్ప.”

“ఇసుక ట్రాక్టరు లోడుతో పోతాది,” అన్నాడు విష్ణు. “ట్యాంకుకేం రోగం? పద పద.”

హేమ వంతెన దగ్గర ఆగి వాణ్ణి కదలకుండా చూస్తానంది. అన్నట్టే గోడ మీద ఒక గుండు వేసింది, ఇటుకలు లేచాయి. అటునుంచి జవాబు వచ్చింది. ఆ చప్పుళ్ళ చాటున త్రివేణి, విష్ణు ఏటి గట్టు దిగారు.

మొదట అంతా బాగానే సాగింది. చైన్ల కింద ఇసుక కరకరమంటోంది. నీళ్ళు చక్రాలను తాకీ తాకనట్టు పారుతున్నాయి. ఇంకో వంపు తిరిగితే గుట్ట. గెలుస్తాం అనుకుంది త్రివేణి. అన్న వస్తాడు అనుకుంది. ఇంటి ముందు ఆటో ఆగడం, అమ్మ రాట్నం వదిలేసి లేవడం, అన్నీ కళ్ళముందు కనబడ్డాయి.

అప్పుడే ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ పెట్టె కీమని అరిచింది.

“నీ పాసుగూలా!” అని దాన్ని తిట్టింది త్రివేణి. అది పాత యూపీఎస్. ఎంతసేపు మోస్తుందో దానికే తెలియదు. ఇంటర్నెట్ పెట్టె కూడా దాని మీదే ఉంది.

“ఏమైందక్కా?”

“కరెంటు పోయినాది. బిన్నా పదప్పా, బిన్నా!”

విష్ణు తొందరపడి ఇసుకదిబ్బ దిగి రెండో పాయలోకి నడిపాడు. ఆ పాయ మోకాటి లోతు కాదు. ట్యాంకు ముక్కు ఒక్కసారి కిందికి వంగింది.

“అక్కా, చైన్లు తిరుగుతాండాయి, బండి కదల్లేదు.”

“ఎనక్కి తీయ్!”

“ఎనక్కీ రాదు. కింద ఇసుక కాదక్కా, బురద. అక్కా, నీళ్ళు ఎక్కువైతాండాయి!”

నిజమే. ఇందాక తేలి కనిపించిన ఇసుకదిబ్బ ఇప్పుడు చాప పరిచినంత కూడా లేదు. ఎక్కడో పైన పడిన వానంతా ఏట్లోకి దిగుతోంది. మన ఏళ్ళలాగా ఇంకిపోయే ఏరు కాదది. ఎర్రటి నీళ్ళు చెత్తనూ కొమ్మలనూ తోసుకుని వంపు తిరిగి వస్తున్నాయి. త్రివేణి బండి ఇంకా గట్టి నేల మీదే ఉంది, వదిలేసి పోతే తాను బయటపడుతుంది. పోయిందా? పోలేదు. తిరిగి వచ్చి విష్ణు ట్యాంకు వెనక తన ముక్కు ఆనించి తోసింది. చైన్లు గింగిరాలు తిరిగాయి, బురద లేచింది, అడుగు కదలలేదు. యూపీఎస్ కీమంటోంది.

“ఇడిసిపెట్టి పో అక్కా!”

“ఇంగొగసారి. గట్టిగా తొక్కు!”

“పో అంటాంటే! గట్టు మీద ఒగడుండాడు, కుడిపక్క! నిన్నే చూస్తాండాడు!”

గట్టు మీద తుప్పల మధ్య ఒక ట్యాంకు తల తిప్పుతోంది. త్రివేణి తన గొట్టం తిప్పుకునేలోపల అయిపోయేదే. కానీ నీళ్ళు మెడదాకా వచ్చిన విష్ణు, ముక్కు కిందికి వంగిన బండిలోంచి, గొట్టం ఎంత లేస్తే అంత లేపి కాల్చాడు. గట్టు మీది ట్యాంకు భగ్గుమంది.

“కొట్టినాన్రా!” అని అరిచాడు విష్ణు. మరుక్షణం వాడి తెర నిండా నీళ్ళు. “అక్కా, చుక్క నీళ్ళు ల్యాని ఊర్లో పుట్టి నీళ్ళలో మునిగి చస్తాండా. మా నాయనకు చెప్పినా నమ్మడు.”

వాడి మాటకు నవ్వే తీరిక ఎవరికీ లేదు. వంతెన దగ్గర హేమ, గోడ వెనకవాడు ఒకేసారి ఒకరినొకరు కాల్చుకున్నారు. ఇద్దరూ పోయారు. హేమ “అయ్యో” అని మాత్రం అంది.

ఇటు ఒక్కతే. అటు ఒక్కడే. వాడు కరిమబ్బు.

రాట్నం చప్పుడు ఆగిపోయిందని త్రివేణి గమనించలేదు. అదే గదిలో మగ్గం గుంతలోంచి తండ్రి లేచి వచ్చి తన కుర్చీ వెనక నిలబడ్డాడని కూడా గమనించలేదు. తోవ ఒక్కటే ఉంది. కుడిగట్టు ఎక్కాలి. ఏటవాలుగా ఉంది, తడిసి ఉంది, అయినా ఎక్కాలి. లేకపోతే తానూ విష్ణు పక్కనే మునుగుతుంది. బండిని గట్టుకు తిప్పి మొత్తం బలం పెట్టింది. ట్యాంకు ముక్కు పైకి లేచింది, లేచింది, ఇంకా లేచింది. దుర్భిణిలో ఆకాశం తప్ప ఏమీ కనపడటం లేదు. ట్యాంకుకు ఒంట్లో అన్నిటికన్నా పల్చటి చోటు పొట్ట. ఇప్పుడా పొట్ట గాలిలో ఉంది.

ముక్కు కిందికి దిగేసరికి ఎదురుగా కరిమబ్బు కనిపించాడు.

దూరంగా కాదు, ఇంత దగ్గర. రెండు చెట్ల మధ్య, కొమ్మలు కప్పుకుని, ఒంటినిండా రుద్రాక్షలతో. వాడి గొట్టం సూటిగా త్రివేణి మీదే ఉంది. ఎప్పటినుంచో ఉన్నట్టుంది. ఎక్కుతున్నప్పుడే పొట్టలోకి కొట్టి ఉండవచ్చు. కొట్టలేదు. ఇప్పుడైనా కొట్టవచ్చు. కొట్టడం లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు.

“కాల్చు!” అన్నాడు విష్ణు. “కాల్చక్కా!”

త్రివేణి కాల్చింది. కాల్చిన క్షణంలోనే కింద తడిమట్టి జారింది, బండి వెనక్కి ఒక జానెడు దిగింది. ఆ జానెడే కొంప ముంచింది. గుండు కరిమబ్బు తల మీదుగా గీరుకుని, ఇనుము కీచుమనిపించి, పైకెగిరిపోయింది. రెండో గుండు ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందో ఆ పిల్లకు తెలుసు. వాడికీ తెలుసు. అయినా వాడు ఇంకొంచెం ఆగాడు. అప్పుడు కాల్చాడు.

తెర ఎర్రగా అయిపోయింది. ‘ఓటమి’ అని పడింది.

త్రివేణి మౌస్ వదలలేదు. వేళ్ళు దానికి అతుక్కుపోయినట్టున్నాయి. ఏడుపు రాలేదు, దిగులు కూడా ఇంకా రాలేదు. కిటికీలో కత్తెర ఉందన్న సంగతి ఒక్కటే గుర్తొస్తోంది.

“నాదే తప్పు,” అంది చివరికి. “హేమ చెప్తానే ఉండాది. నేనే ఇనల్యా.”

“అదిగాదక్కా,” అన్నాడు విష్ణు. వాడి గొంతులో ఎగతాళి లేదు. “మ్యాపు చూడు. వాని గీత చూడు.”

ఆట అయిపోయాక ఎవరు ఎక్కడెక్కడ తిరిగారో మ్యాపు మీద గీతలు పడతాయి. త్రివేణి చూసింది. విష్ణు గీత ఏట్లో ఆగిపోయింది. హేమది వంతెన దగ్గర. ఎదుటివాళ్ళలో మిగతా ఇద్దరి గీతలు అటూ ఇటూ వంకర్లు పోయాయి. కరిమబ్బు గీత మాత్రం మొదలైన చోటునుంచి నేరుగా ఏటిగట్టు దాకా వచ్చింది. వచ్చి ఆ రెండు చెట్ల మధ్య ఆగిపోయింది. ఆట మొదలైన కాడినుంచీ అక్కడే ఉన్నాడు. వంతెన వైపు ఒక్కసారి కూడా పోలేదు.

“వానికెట్ల తెలుసక్కా?” అన్నాడు విష్ణు. “ఈ మ్యాపులో ఎన్నోసార్లు ఆడినాం. ఏట్లో దిగినోణ్ణి ఒగణ్ణి చూసినామా? ఏరంటే దారని ఎవురనుకుంటారు, మనోళ్ళు తప్ప?”

త్రివేణి ఆ గీత వెంట వేలు పోనిచ్చింది. రుద్రాక్ష అంచు ఎవరైనా దొంగిలిస్తారు. ఆడే తీరు ఎవరైనా మార్చుకుంటారు. ఏరు కనబడితే ఈ త్రివేణి రోడ్డు వదిలేసి ఇసుకలోకి దిగుతుందని తెలిసినవాడు లోకంలో ఒక్కడే. దిగడం నేర్పినవాడు. అనుమానం పోయింది. అన్నే. ఆట ఓడిపోయి అన్నను కనుక్కుంది. కానీ మాట ప్రకారం రానక్కరలేదు కదా ఆ మనిషి.

ఈ ఆటలో అంతా అయిపోయాక ఆట గది మూసుకునేలోపల కాసేపు ఎదుటివాళ్ళతో కూడా మాట్లాడవచ్చు. త్రివేణి మైకు తెరిచింది.

“అన్నా,” అంది. “ఓడిపోయినా. రావద్దులే. ఒగ మాట మాట్లాడు చాలు. రేప్పొద్దున మారెప్ప వస్తాండాడు. నాయన నీ చీర కోసేస్తాడు. అమ్మ నిన్నట్నుంచి ముద్ద ముట్టల్యా.”

ఆట గది మూసుకోలేదు. అటువైపు ఎవరో వింటున్నారు.

“ఏట్లో పడి వస్తానని నీకెట్ల తెలుసన్నా?”

ఆ మాట అనేసరికి వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి హెడ్‌ఫోన్ లాక్కుంది. రామదాసు. జీవితంలో ఆ కంప్యూటర్‌ను వేలితో తాకని మనిషి. ‘ఈ పెట్టె వల్లే నా కొడుకు చెడినాడు’ అని రెండేళ్ళుగా తిట్టిపోసిన మనిషి. ఆయన లాగిన లాగుకు వైరు ఊడి చేతిలోకి వచ్చింది. అటువైపు చప్పుడు ఇప్పుడు స్పీకర్లలోంచి గదంతా వినిపించింది. తెర మీద బిగించిన కెమెరాలోని మైకు మాత్రం పని చేస్తూనే ఉంది.

స్పీకర్లలో వినిపించింది మనిషి గొంతు కాదు. టకటక టకటకమని ఆగకుండా కొట్టుకునే ఇనుప చప్పుడు. ఆ చప్పుడు ధర్మవరంలో పుట్టిన వాడెవడికీ చెప్పనక్కరలేదు. రామదాసు మొహం నల్లబడింది.

“మరమగ్గం. పవర్లూం,” అన్నాడు. “పవర్లూం కాడ్నే ఉండావా? అంటే నేనన్నది నిజమే కదరా?”

“నాయనా, గమ్మునుండు,” త్రివేణి చెయ్యి పట్టుకుంది.

“నువ్వు గమ్మునుండు పాపా! ఒరే, నోరు పడిపోయిందా? మాట్లాడు!”

స్పీకర్లలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

“మామా, నమస్కారం,” అంది ఒక ఆడమనిషి గొంతు. మాటలో మడకశిర వైపు కన్నడపు సాగుడు ఉంది.

రామదాసు వెనక్కి చూశాడు, తనను కాకుండా ఇంకెవరినో పిలిచిందేమో అన్నట్టు. “ఎవురమ్మా నువ్వు? ఎవురికి మామ?”

“మీకే. నా పేరు చౌడేశ్వరి. మీ కోడల్ని.”

యూపీఎస్ ఇప్పుడు వెంటవెంటనే అరుస్తోంది. దాని పని అయిపోవచ్చిందని త్రివేణికి తెలుసు. తెలిసి చేసేదేమీ లేదు.

“ఆడింది నేనే,” అంది చౌడేశ్వరి. “ఆయన పక్కన కూచోని చెప్పినాడు. ‘అందురూ వంతెన చూస్తారు, మా త్రివేణి మాత్రం ఏట్లో పడి వస్తాది, గట్టు మీద కాచుకో’ అన్నాడు. వచ్చినాది. కాల్చాల్నా అంటే ‘ఉండు, ఉండు’ అంటాడు. ఓడిపోదామా అంటే ‘వద్దు, గెలువు’ అంటాడు. కండ్లల్లో నీళ్ళు పెట్టుకోని గెలువు గెలువు అంటే నేనేం చేసేది మామా? గెలిస్తే రాకుండా ఉండొచ్చు కదా, అందుకు.”

“అంటే... నా మొగం చూసేది ఇష్టం లేదా వానికి?” అన్నాడు రామదాసు. “అంత కోపమా?”

“కోపం కాదు మామా.”

“మరేంది? వాణ్ణి పిలువు. పక్కన ఉండాడు కదా, పిలువమ్మా.”

అటువైపు ఏవో గుసగుసలు. ఇనుప చప్పుడు దూరమైంది, ఎవరో తలుపు వేసినట్టున్నారు. తర్వాత వచ్చింది ఆ గొంతు. ఈ ఇల్లు ఆ గొంతు విని రెండేళ్ళు దాటింది.

“నాయనా.”

రామదాసు బల్ల అంచు పట్టుకున్నాడు. ఎన్ని మాటలు దాచుకున్నాడో ఆయన. అనాలనుకున్న తిట్లు, అడగాలనుకున్న సంగతులు.

“నాయనా, ఆ చీర కోసెయ్,” అన్నాడు ఓబిలేష్.

పొద్దున కత్తెరకు సాన పట్టించింది ఎవరు? ఈయనే కదా. కోసిపారేస్తానని వీధి వీధంతా వినబడేట్టు అరిచింది ఈయనే కదా. ఇప్పుడు చూడండి.

“ఏమిరా, ఏమి మాట్లాడతాండావ్?” అన్నాడు రామదాసు. “కోసేదేంది? నువ్వు బతికుండావ్ కదరా! నా మింద కోపముంటే నన్ను తిట్టు, చీర ఏమి చేసినాది? వచ్చి నేసి దించు. దించినంక మళ్ల పో, నేను అడ్డం రాను. మారెప్పకు రావద్దని ఇప్పుడే ఫోన్ చేస్తా. ఇదిగో, ఇప్పుడే...”

“నేసేది కాదు నాయనా.”

“ఎందుక్కాదు?”

“లూం చెయ్యి లాక్కున్యాది,” అన్నాడు ఓబిలేష్. గొంతులో ఏడుపు లేదు. ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన మాటలాగా అన్నాడు. “పోయిన ఏడు. పోగు తెగితే అతుకుతాంటే, మిషను ఆపకుండానే చెయ్యి పెట్టినా. మన మగ్గం అనుకున్యా. అలవాటు. మన మగ్గం మనం ఆపితే ఆగుతాది కదా. అందుకే ఈ ఆట కూడా నేను ఆడేది కాదు. చెప్తా, ఆ పిల్ల ఆడతాది. కోసెయ్ నాయనా. అమ్మకు మాత్రం చెప్పొద్దు.”

అమ్మకు చెప్పొద్దట. అమ్మ ఎక్కడుందనుకున్నాడో పిచ్చివాడు. తండ్రి వైరు ఊడబెరికాడని, తన మాట గదంతా వినబడుతోందని వాడికేం తెలుసు?

అంజనమ్మ ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. రాట్నం పక్కకు ఒరిగి ఉంది, పట్టుదారం గదికి అడ్డంగా ఆవిడ కాలి వెంట వచ్చింది. కొడుకు మగ్గం దాటి, మొగుణ్ణి ఒక చేత్తో పక్కకు నెట్టి, స్పీకరు ముందు వంగింది.

“ఓబిలేసూ,” అంది. “ఏ చెయ్యిరా?”

“అమ్మా...”

యూపీఎస్ ఈసారి ఆపకుండా పొడుగ్గా కూసింది. తెర ఆరిపోయింది. ఇంటర్నెట్ పెట్టె మీది పచ్చలైటు కూడా ఆరిపోయింది. త్రివేణి కింద కూర్చుని పిచ్చిదానిలాగా ఆ పెట్టె బటను నొక్కింది, మళ్ళీ నొక్కింది. చౌడేశ్వరి ఊరేదో అడగలేదు, ఫోన్ నంబరు అడగలేదు. ఏమీ అడగలేదు. రామదాసు మగ్గం మీది పంచె తీసి, ఆగిపోయిన చోట అంచు మీద వేలు పెట్టి నిలబడిపోయాడు.

అంజనమ్మ మాత్రం ఆరిపోయిన తెర ముందునుంచి కదలలేదు.

“చెప్పు నాయనా,” అంటోంది. “ఏ చెయ్యి?”